మామిడి లోడుతో నాగపూర్ దాకా

మొన్న జూన్‌లో మా వీధి చివరి ఇంటి అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి, విజయవాడలో ఉద్యోగంలో చేరబోతూ నా దగ్గరికి వచ్చింది. పిల్లల కాన్సర్ వార్డులో వేశారట. "అక్కడ రోజూ ఏడుపొస్తుందా అమ్మమ్మా?" అని అడిగింది. ఏడుపు రాదు, ఆకలేస్తుంది అని చెప్పాను. నవ్వులాటకు అన్నాననుకుంది. నిజమే చెప్పాను. ఆ వార్డులో మధ్యాహ్నం అన్నం మూడింటికి ముందు తిన్న రోజులు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

ఈ కాగితాలు ఆ అమ్మాయి కోసం, ఆమె లాంటి వాళ్ల కోసం. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి రాయను. అవి నాకే గుర్తులేవు. మనుషుల పేర్లు మార్చాను. ఏ ఏడాదో కూడా రాయను, ఎందుకంటే ఇందులో ఉన్న అమ్మాయికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. తేదీలు, అంకెలు మాత్రం నా నోటు పుస్తకాల్లో ఉన్నవి ఉన్నట్టే.

ఆ పని ఏమిటంటే

ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. చివరి పదకొండేళ్లు విజయవాడలో ఒక ఆసుపత్రి పిల్లల కాన్సర్ వార్డులో. తిరువూరులో ఐదుంపావు బస్సు ఎక్కేదాన్ని. ఎక్కేటప్పుడు చీకటి, దిగేటప్పుడు ఎండ.

బయటివాళ్లు ఆ వార్డు పేరు చెబితే గొంతు తగ్గించి మాట్లాడతారు. లోపల ఎవరూ గొంతు తగ్గించరు. ఇరవై రెండు మంచాలు. ఫోన్ చార్జర్ కోసం తగువులు, లూడోలో దొంగాటలు, ఇడ్లీలోకి పచ్చడి వేయలేదని అలకలు. జుట్టు ఊడినవాళ్లు ఒకళ్ల గుండు ఒకళ్లు నిమిరి పందాలు కాసేవారు, ఎవరిది ముందు మొలుస్తుందని. జబ్బు ఉన్నంత మాత్రాన పిల్లలు పిల్లలు కాకుండా పోరు. కొత్తగా చేరేవాళ్లకు ఇది అర్థం కావడానికి నెల పడుతుంది.

మన పని కొలవడం. జ్వరం, బరువు, తాగిన నీళ్లు, పోసిన మూత్రం, ఎక్కించిన మందు. అన్నిటికంటే ముఖ్యం కౌంటు. రక్తంలోని తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి సూక్ష్మక్రిములతో పోట్లాడతాయి. కాన్సర్ మందు జబ్బును చంపుతూ వాటినీ చంపుతుంది. అవి ఐదు వందలకు దిగితే పిల్ల గది దాటకూడదు, వెయ్యి దాటితే వరండాలోకి రావచ్చు. మొత్తం తెల్లకణాలను వీటి శాతంతో హెచ్చవేసి నూటితో భాగిస్తే కౌంటు వస్తుంది. యంత్రమే వేసి ఇస్తుంది, అయినా నేను మళ్లీ చేత్తో వేసి పుస్తకంలో రాసుకునేదాన్ని. అందరూ నవ్వేవారు. పదకొండేళ్లలో యంత్రం మూడుసార్లు తప్పింది. నేను రెండుసార్లు తప్పాను.

ఎలిజబెత్ గారి స్టూలు

నాకు పని నేర్పింది హెడ్ నర్సు ఎలిజబెత్ గారు. ఆవిడ మంచి మనిషి అని ఎవరూ అనేవారు కాదు. దుప్పటి మడత వంకరగా ఉంటే మొత్తం పీకి కింద పడేసేవారు. కానీ ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ఏ మంచం దగ్గరకు వెళ్లినా ఒక చెక్క స్టూలు కాలితో లాక్కుని కూర్చునేవారు.

ఒకసారి ఒక పిల్లవాడిని నేను నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడు. అదే రాశాను. అరగంట తర్వాత ఆవిడ వెళ్లి స్టూలు మీద కూర్చుని అడిగితే, కడుపులో రెండు రోజుల నుంచి నొప్పి అన్నాడు. నన్ను పక్కకు పిలిచి, నిలబడి అడిగేవాళ్లు వెళ్లిపోయే తొందరలో ఉన్నారని పిల్లలకు తెలుస్తుంది, అందుకే మనకు ఏది కావాలో అది చెప్పి పంపించేస్తారు అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు. తల్లీతండ్రీ ఎదురుగా ఉన్నప్పుడు పిల్ల చెప్పే జవాబు పిల్లది కాదు, దాన్ని పెన్సిల్‌తో రాసుకో, పెన్నుతో రాయకు అని.

ఈ మాట నేను కొత్త నర్సులకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. తర్వాత నేనే మరిచిపోయాను.

ఏడు విమానాలు

హైదరాబాదు నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చేవారు. పెద్ద జబ్బులున్న పిల్లల కోరిక ఒకటి తీరుస్తారు. వాళ్ల తరఫున ప్రవీణ అనే అమ్మాయి నెలకోసారి వచ్చి ఫారాలు ఇచ్చి వెళ్లేది. నింపే పని నాది. రిటైరవడానికి ఏడాది ముందు వరకు తొమ్మిది నింపాను. ఒకటి లాప్‌టాప్. ఒకటి సినిమా హీరోని కలవడం. మిగతా ఏడూ విమానం.

ఒక పిల్లకు విమానం వచ్చి, ఆ పిల్ల టోపీ పెట్టుకుని ఫోటోలు తెచ్చి చూపించాక, మా వార్డులో కోరిక అంటే విమానం అనే అర్థం స్థిరపడిపోయింది. నేను ఫారం తీయగానే తల్లులే "విమానం అని రాయండి మేడమ్" అనేవారు. నేనూ రాసేదాన్ని.

ఆ ఏడింటిలో ఒకటి వినగడప అనే ఊరి పిల్లవాడిది. పదమూడేళ్లు. తల్లితోనూ తండ్రితోనూ విమానమెక్కి వచ్చాడు. ఎలా ఉందిరా అంటే, "బానే ఉంది మేడమ్. మా అన్న కూడా ఉంటే బాగుండేది" అన్నాడు. వాడికి అన్న ఉన్నట్టే నాకు తెలియదు. వార్డులోకి బయటి పిల్లలను రానివ్వం కాబట్టి ఆ అన్న ఏడు నెలలు గేటు బయట నుంచే చెయ్యి ఊపి వెళ్లేవాడట. వాడికి కావలసింది విమానం కాదు, అన్నతో ఒక రోజు. ఈ సంగతి పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటే నేర్చుకున్నట్టు కాదని మార్చి మూడో తేదీన తేలింది.

ఆ రోజు షాహీన్ ఫారం నింపాను. షాహీన్‌కు పదిహేనేళ్లు, పదో తరగతి. మా తిరువూరు పిల్లే. తండ్రి మస్తాన్ పెనుగొలను వైపు మామిడి తోటల కాయ కొని, తన సొంత లారీలో నాగపూర్ మార్కెట్టుకు తోలుతాడు. క్రితం సెప్టెంబరులో పిల్లకు రక్త కాన్సర్ అని తేలింది. మందు బాగా పనిచేస్తోంది, కానీ ఇంకా ఏడాదిన్నర చికిత్స ఉంది. నేను ఫారం పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాను. అవును, నిలబడే. పక్కనే మస్తాన్, భార్య జరీనా ఉన్నారు. ఏం కావాలమ్మా అన్నాను. పిల్ల ఒకసారి తండ్రి ముఖం చూసి, "విమానం" అంది. మస్తాన్ ముఖం వెలిగిపోయింది. పెన్నుతో రాసేశాను. ఎనిమిదో విమానం.

దుప్పటి కింద వేళ్లు

సంస్థ వాళ్లు బెంగళూరుకు విమానం టిక్కెట్లు, అక్కడ ఆటల పార్కు, హోటలు అన్నీ ఏర్పాటు చేశారు. ప్రయాణం మే పదహారున. మే పన్నెండు నుంచి ఇరవై మూడు వరకు చికిత్సలో విరామం వస్తోంది, తర్వాత కొత్త దఫా మందు మొదలవుతుంది. మస్తాన్ తన బజారులో తీపి పంచాడని విన్నాను.

మే ఎనిమిదిన మధ్యాహ్నం షాహీన్‌కు మందు ఎక్కుతోంది. నేను సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నాను. పిల్ల ఫోన్‌లో తండ్రితో మాట్లాడుతోంది. ఆయన నాగపూర్‌లో ఉన్నాడు. ఏ షెడ్డులో దింపావు, ఎవరు కొన్నారు, తువ్వాలు కింద ఎన్ని వేళ్లు అన్నారు అని వరుసగా అడుగుతోంది. ఫోన్ పెట్టేశాక, ఏం తువ్వాలే, ఏం వేళ్లే అని అడిగాను.

చెప్పింది. ఆ మార్కెట్టులో ఇప్పుడు చాలామంది గట్టిగా వేలం పాడుతున్నారు, ఫోన్‌లోనూ బేరాలు చేస్తున్నారు. కానీ పాత ఆసాములు, అంటే వ్యాపారులు, కొందరు ఇంకా చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారట. పక్కవాడికి తెలియదు. తువ్వాలు కింద చెప్పింది బయట పలకకూడదు, అది కట్టుబాటు. "మా నాన్న నాకు ఏడేళ్లప్పుడు నేర్పాడు మేడమ్. ఇలా" అని నా చెయ్యి దుప్పటి కిందికి లాగి వేళ్లు నొక్కింది. ఇన్ని వేళ్లు కలిపి పట్టుకుంటే ఇంత, అరచెయ్యి గీరితే అందులో సగం. సూది లేని చేతితో ఎంత చురుగ్గా నొక్కిందో. జబ్బు వచ్చిన ఎనిమిది నెలల్లో ఆ పిల్ల అంత గబగబా మాట్లాడటం నేను వినలేదు.

స్టూలు లాక్కున్నాను. చుక్కలు లెక్కపెట్టడం పక్క నర్సుకు అప్పగించి కూర్చున్నాను. నువ్వెప్పుడైనా చూశావా ఆ మార్కెట్టు అన్నాను.

లేదంది. చిన్నప్పుడు అడిగితే ఆడపిల్లవి లారీలో ఏంటన్నాడట. తర్వాత అడిగితే పది పాసవ్వు, తీసుకెళ్తా అన్నాడట. పరీక్షల ముందే ఇక్కడికి వచ్చి పడింది.

"మరి విమానం అన్నావు?"

"నాన్న మొహం చూశాను మేడమ్. ఫారం అనగానే తనే ఎక్కుతున్నట్టు కూర్చున్నాడు. లారీ అంటే ఆయనకి నామోషీ. నా పిల్ల లారీ మొహం చూడకూడదని నడుపుతున్నానంటాడు." దుప్పటి సర్దుకుని, "పోనీలెండి. విమానం కూడా బానే ఉంటుంది" అంది.

"బానే ఉంటుంది" అన్న మాట నేను వినగడప పిల్లవాడి నోట విన్నాను. పుస్తకం తీసి మార్చి మూడు పేజీలో విమానం అన్న మాట కొట్టేశాను. నా పుస్తకాల్లో కొట్టివేతలు తక్కువ. అది కాగితం చిరిగేలా కొట్టాను.

విమానం ఎవరు నడుపుతారు

ముందు డాక్టరు రామ్మోహన్ గారి దగ్గరికి వెళ్లాను. షాహీన్‌ను లారీలో నాగపూర్ పంపుదామంటే ఆయన నన్ను చూసి, రిటైర్మెంట్ దగ్గరపడితే కొందరు తీర్థయాత్రలకు వెళతారు, మీకు లారీ మీదకు మనసుపోయిందేంటి సిస్టర్ గారూ అన్నారు. తర్వాత నవ్వడం మానేశారు. మామిడి లోడంటే వరిగడ్డి పరుస్తారు, గడ్డిలో బూజు ఉంటుంది, ఈ పిల్లల ఊపిరితిత్తుల్లోకి ఆ బూజు పోతే మన చేతిలో ఏమీ ఉండదు అన్నారు. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. ఆయన వద్దనడం లేదు, ఎక్కడ ప్రమాదమో వేలు పెట్టి చూపిస్తున్నారు. మంచి పైఅధికారికీ మామూలు పైఅధికారికీ తేడా అక్కడే ఉంటుంది.

ఆయన ఐదు షరతులు చెప్పారు, రాసుకున్నాను. లోడులో గడ్డి పరక కనిపించకూడదు. కౌంటు పదిహేను వందలు ఉండాలి. వెనకాల ఏసీ కారు రావాలి, మధ్యాహ్నపు ఎండలో పిల్ల కారులోనే. నాగపూర్‌లో ఒక ఆసుపత్రికి ఉత్తరం ఇస్తాను, జేబులో ఉండాలి. ఐదోది, మీరు వెంట వెళ్లాలి.

ప్రవీణకు ఫోన్ చేశాను. వాళ్ల పైవాళ్ల జాబితాలో లారీ లేదంది. రెండు రోజులు వాళ్లతో ఏం మాట్లాడిందో కానీ, "తండ్రితో రోడ్డు ప్రయాణం" అని రాయించి, కారు ఇప్పించింది. ప్రవీణకు ఇరవై నాలుగేళ్లు. అంత మొండిది నా వార్డులో ఉంటే బాగుండేదనుకున్నాను.

మస్తాన్ ఒప్పుకోలేదు. పదో తేదీన నాగపూర్ నుంచి నేరుగా వార్డుకు వచ్చాడు, చెమట చొక్కాతో. వరండాలో స్టూలు వేసి కూర్చోబెట్టి చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత నా వైపు కాక గోడ వైపు చూస్తూ అన్నాడు.

"అందరి పిల్లలూ విమానమెక్కి వచ్చారండి. నా బిడ్డ లారీ ఎక్కాలా? బజారంతా చెప్పుకున్నాను. రేపు ఏమనుకుంటారు, మస్తాన్‌కి ఇంతకంటే చేతకాలేదనరా?"

షాహీన్ తలుపు దగ్గర మాస్కు పెట్టుకుని నిలబడి వింటోంది. నేను చూడలేదు.

"విమానం నువ్వు నడపవుగా నాన్నా" అంది.

మస్తాన్ భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత లేచి నిలబడి, "సీటు కవర్లు మార్పించాలి. మరీ నల్లగా ఉన్నాయి" అన్నాడు.

ఇరవై తక్కువ

గడ్డి సంగతి మస్తాన్ తేల్చాడు. టమాటా వ్యాపారుల దగ్గర ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి కడిగించాడు. కాయ మధ్య పాత వార్తాపత్రికలు. లారీ బాడీని నాలుగుసార్లు నీళ్లు కొట్టించి, ఎండబెట్టి, నన్ను పిలిచి చూపించాడు. నేను మూలల్లో టార్చి వేసి చూశాను. రెండు పరకలు దొరికాయి. ఐదోసారి కొట్టించాడు.

మిగిలింది కౌంటు. మే పదమూడున తెల్లకణాలు 2,350, న్యూట్రోఫిల్స్ నలభై శాతం. అంటే 940. పెనుగొలను తోటలో ఆ సీజను చివరి కోత పదహారున. అదే ఆఖరు లోడు. అది దాటితే మళ్లీ వేసవి దాకా మామిడి లేదు, ఇరవై మూడున మొదలయ్యే మందు పిల్లను ఎన్ని నెలలు మంచానికి కట్టేస్తుందో తెలియదు. అందరికీ ఈ లెక్క తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

పదహారు పొద్దున రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు 3,700, నలభై శాతం. చేత్తో వేశాను. 1,480.

రామ్మోహన్ గారు చూసి, ఇరవయ్యే కదా సిస్టర్ గారూ, పెరుగుతున్న కౌంటు, పర్వాలేదు వెళ్లండి అన్నారు. షాహీన్ అప్పటికే చెప్పులు వేసుకుని కూర్చుంది.

నేను వెళ్లనన్నాను. పదిహేను వందలని ఆయనే చెప్పారు. ఇరవై తక్కువంటే తక్కువే. ఇవాళ ఇరవై వదిలేస్తే రేపు ఇంకో పిల్లకు వంద వదిలేస్తాం, ఎల్లుండి ఆ అంకెకు అర్థమే ఉండదు. రేపు పొద్దున మళ్లీ రక్తం తీద్దాం అన్నాను. డాక్టరు గారు నా వైపు చూసి, సరే అని వెళ్లిపోయారు. షాహీన్ చెప్పులు విప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బస్సులో ఇంటికి వస్తూ నేను చేసింది తప్పేమో అని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ కాదనే తేలింది. అయినా అన్నం సహించలేదు.

కోత ఆపమని మస్తాన్ తోట రైతుకు ఫోన్ చేశాడు. ఆయన పేరు వెంకట్రామయ్య, పెనుగొలనులో పిసినారి అని పేరు. కూలీలు వచ్చేశారు, నిచ్చెనలు కూడా వేశారు. సంగతి విని, "ఒక్కరోజు చెట్టున ఉంటే కాయ రంగు తేలుతుందిలేవోయ్, పిల్లను రానీ" అన్నాడట. కూలీలకు ఆ పూట టిఫిన్ పెట్టించి పంపాడు.

పదిహేడు పొద్దున 4,000, నలభై నాలుగు శాతం. 1,760. కాగితం షాహీన్ చేతికిచ్చి నువ్వే హెచ్చవెయ్యి అన్నాను. వేసింది. "రెండు వందల అరవై ఎక్కువొచ్చింది. ఇప్పుడు ఎక్కువైనా వెళ్లకూడదంటారా మేడమ్?" అంది. మాట్లాడింది కదా, అది చాలు.

క్లీనరు సీటు

పిల్లను కారులో తిరువూరు తీసుకొచ్చి, సాయంత్రం నాలుగింటికి అక్కడ బయలుదేరాం. స్టీరింగు దగ్గర మస్తాన్, మధ్యలో షాహీన్, తలుపు వైపు నేను. వెనక కారులో జరీనా, ప్రవీణ. కొత్త సీటు కవర్లు పసుపుపచ్చవి, ఎర్ర కుచ్చులు. నా ఒడిలో మందుల పెట్టె, థర్మామీటరు, పుస్తకం.

నేను కూర్చున్నది క్లీనరు సీటు. ఆ సీటులో కూర్చున్నవాళ్లకు పని ఉంటుందని షాహీన్ చెప్పింది. ఎడమ పక్క దారి చూసి చెప్పాలి, వెనక్కు తీసేటప్పుడు తలుపు మీద కొడుతూ అరవాలి. డీజిలు బంకులో లారీ వెనక్కు తీస్తుంటే నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "రైట్... రైట్..." అన్నాను.

"గట్టిగా మేడమ్. మాకు సూది గుచ్చేటప్పుడు గొంతు లేస్తుందిగా" అంది షాహీన్.

లేచింది. "హోల్డాన్" అని నేను అరిచిన అరుపుకు బంకు కుర్రాళ్లు తిరిగి చూశారు. మస్తాన్ బ్రేకు వేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. ఎనిమిది నెలల్లో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. షాహీన్ ఆయన వైపే చూస్తోంది. బయట రోడ్డు, పొలాలు, ఊళ్లు ఏవీ చూడలేదు. ఆయన గేరు మార్చడం, అద్దంలో చూడడం, ఎదుటి లారీకి లైటు కొట్టి పలకరించడం, ఇదే చూసింది.

వరంగల్ దగ్గర ఒక టీ కొట్టు ముందు ఆపాడు. పిల్లను దించనివ్వలేదు నేను. కొట్టాయన గ్లాసులతో వచ్చి కేబిన్‌లోకి తొంగి చూసి, "షాహీనేనా? లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చిన పిల్లేనా?" అన్నాడు. తర్వాత మస్తాన్‌ను అడిగాడు. "కౌంటు ఎంతొచ్చిందన్నా?"

"పదిహేడు వందల అరవై" అన్నాడు మస్తాన్, పేరు చెప్పినంత సులువుగా.

నా వార్డు అంకె వరంగల్ టీ కొట్టులో ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత మంచిర్యాల దగ్గర పంక్చరు షాపాయన అడిగాడు. చంద్రపూర్ దాటాక తెల్లవారుజామున టోల్ గేటు దగ్గర పళ్లు అమ్మే ముసలమ్మ, మన భాష రానిది, పిల్లను చూసి చెయ్యెత్తి దీవించింది. సెప్టెంబరు నుంచి ఆ మనిషి దారి పొడవునా ఆగిన ప్రతిచోటా కూతురి సంగతి చెప్పుకుంటూ వచ్చాడు. మేము వార్డులో ఆయనను మాట్లాడని మనిషి అనుకునేవాళ్లం. ఫారంలో తండ్రి గురించి నేనే రాశాను, "ముభావి" అని.

"నా గురించి ఇక్కడ కూడా చెప్పావా నాన్నా?" అంది షాహీన్.

"నూట ఇరవై కిలోమీటర్లకోసారి ఎవరో ఒకరికి చెప్పకపోతే నిద్రొస్తుందే" అన్నాడు.

నాలుగు గంటలకోసారి జ్వరం చూశాను. ఎక్కడా 98.8 దాటలేదు. తిరువూరు నుంచి మార్కెట్టు గేటు వరకు లారీ మీటరు మీద 628 కిలోమీటర్లు.

ఉడకబెట్టిన తువ్వాలు

పొద్దున ఆరున్నరకు షెడ్డులో ఉన్నాం. పక్క షెడ్లలో గడ్డి కుప్పలు ఉన్నాయి. మేము ట్రేలు దించే చివరి షెడ్డులోనే, గాలి వాలు చూసి, గడ్డికి ఎదురు దిక్కున కుర్చీ వేయించాను. షాహీన్‌కు రెండు మాస్కులు. కొనే ఆసామి తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన. మస్తాన్‌తో పాతికేళ్ల బేరం. కాయ వాసన చూశాడు, ఒకటి కోసి చూశాడు, భుజం మీది తువ్వాలు తీశాడు.

ఆ తువ్వాలు నేను చూశాను. ఎప్పుడు ఉతికారో దేవుడికే తెలియాలి.

నాకు ఈ సంగతి ముందే తోచింది. పెట్టెలోంచి నా తువ్వాలు తీశాను. ఆకుపచ్చ అంచుది. ఇంట్లో ఇరవై నిమిషాలు ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి, కవర్లో సీలు వేసి తెచ్చాను. ఆసామి చేతిలో శానిటైజర్ పోసి ముప్పై లెక్కపెట్టేదాకా రుద్దమన్నాను. భాష రాకపోయినా నా ముఖం చూసి రుద్దాడు. గోళ్ల దగ్గర మళ్లీ రుద్దించాను. చుట్టూ జనం మూగారు.

తువ్వాలు పరిచారు. మస్తాన్ చెయ్యి లోపలికి పెట్టబోయి ఆగాడు. తీసేసి, కూతురి చెయ్యి పట్టుకుని తువ్వాలు కింద పెట్టి, రెండడుగులు వెనక్కు జరిగి చేతులు కట్టుకున్నాడు.

ఆసామి కళ్లు పెద్దవయ్యాయి. చిన్న చెయ్యి. మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ పైకప్పు చూస్తున్నాడు. ఆసామి వేళ్లు కదిలాయి. షాహీన్ తల అడ్డంగా ఊపింది. మళ్లీ కదిలాయి. మళ్లీ ఊపింది. ఈసారి తువ్వాలు కింద తనే ఏదో పట్టి నొక్కింది. పెద్దాయన అమ్మో అన్నట్టు ఊపిరి వదిలి, చెయ్యి లాక్కుని, గుండె మీద పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకొక్క విడత నడిచింది. తర్వాత ఆయన నవ్వి, తువ్వాలు ఎత్తకుండానే తల నిలువుగా ఊపాడు. షెడ్డులో హమాలీలు చప్పట్లు కొట్టారు. జరీనా ఏడుస్తూ నవ్వుతోంది. మస్తాన్ కూతురి దగ్గరికి వచ్చి, ఎంతకిచ్చావు అని అడగలేదు. తువ్వాలు కింద తన చెయ్యి పెట్టాడు. కూతురు నొక్కి చెప్పింది. ఆయన ముఖంలో మార్చి మూడున చూసిన వెలుగు మళ్లీ చూశాను. ఈసారి అది కూతురి ముఖంలోనూ ఉంది.

పుస్తకంలో మే పద్దెనిమిది పేజీ తీసి అన్నీ రాశాను. చేరిన సమయం, జ్వరం, తాగిన నీళ్లు, కూర్చున్న నిమిషాలు. ధర అని గడి గీసి, ఎంతమ్మా అన్నాను.

"అది చెప్పకూడదు మేడమ్" అంది.

చివరి మాట

ఇరవై మూడున కొత్త దఫా మందు మొదలైంది, ఒక్క రోజు ఆలస్యం లేకుండా. ఆ నెలలు కష్టంగానే గడిచాయి, అది దాచను. కానీ చికిత్స పూర్తయింది. షాహీన్ డిగ్రీ చదివింది, ఇప్పుడు తండ్రి వ్యాపారం సగం తనే చూస్తోంది. ఆ ట్రిప్పు తర్వాత నేను రిటైరయ్యేలోగా ఇంకా నాలుగు ఫారాలు నింపాను. నాలుగూ పెన్సిల్‌తో, స్టూలు మీద కూర్చుని, తల్లీతండ్రులను టీకి పంపి. ఒకటి విమానం. అది ఆ పిల్లవాడికి నిజంగానే కావాలి, రెక్క పక్క సీటు అని కూడా చెప్పాడు.

పోయిన మే నెలలో షాహీన్ మా ఇంటికి ఒక ట్రే నిండా మామిడిపళ్లు తెచ్చింది. కాగితాల మధ్య పేర్చి ఉన్నాయి, గడ్డి లేదు. నేను పుస్తకం తీసి మే పద్దెనిమిది పేజీ చూపించాను. ముప్పై నాలుగేళ్ల పుస్తకాల్లో ఖాళీగా ఉన్న గడి ఇదొక్కటే, ఇప్పుడైనా చెప్పవే అన్నాను.

"కొనేవాళ్లకే చెబుతాం మేడమ్. కొంటారా?" అంది.

ఒక పండు తీసి పక్కన పెట్టుకుని, కొంటాను అన్నాను. బీరువాలోంచి ఆకుపచ్చ అంచు తువ్వాలు తెచ్చాను. షాహీన్ దాన్ని మా ఇద్దరి చేతుల మీద కప్పి, నా వేళ్లు పట్టుకుంది. చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది. ఎన్ని వేళ్లు పట్టుకుందో లెక్కపెట్టాను, చివర అరచెయ్యి గీరింది కూడా.

తర్వాత పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. ఆ గడి ఖాళీగానే ఉంది.